పాతతరం కారులో ఏసీ చల్లగా పనిచేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కార్ల ఏసీ గురించి వచ్చే సందేహాలు కారు మారినా, మోడల్ మారినా పెద్దగా మారవు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, కారు లోపలి వేడిని బయటికి మోసుకుపోతుంది. చాలామంది గ్యాస్ చుట్టూనే తిరుగుతూ, ఆ వేడి బయటికి పోయే దారిని చూడరు. డబ్బూ ఓపికా వృథా అయ్యేది అక్కడే.

## పని మొదలుపెట్టే ముందు

యాభై ఏళ్ల కారు ఇది. ఏసీ ఎంత బాగు చేయించినా కొత్త కారులా చల్లబడుతుందా?

ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారైతే చాలావరకు చల్లబడుతుంది. ఆ రోజుల్లో కంప్రెసర్లను (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపులు), లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌లను ధారాళంగా, పెద్ద సామర్థ్యంతో చేసేవారు. లోపం ఉండేది ఎక్కువగా చుట్టుపక్కలే: వేడిని ఆపని గాజులు, ఎండిపోయిన తలుపు రబ్బర్లు, ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కూ మీరు కూర్చునే చోటికీ మధ్య గోడ) తెరిచి ఉన్న రంధ్రాలు, అరిగిన ఫ్యాను.

ఈ యంత్రాలు ఎంత దూరం వచ్చాయో తెలిస్తే నమ్మకం కుదురుతుంది. 1940 మోడల్ కార్లలో ప్యాకార్డ్ అందించిన ఏసీకి కూలింగ్ కాయిల్ డిక్కీ వైపు ఉండేది, కంప్రెసర్‌ను అవసరమైనప్పుడు బెల్టుకు కలిపి విడదీసే క్లచ్ ఉండేది కాదు. ఆపాలంటే కారు దిగి, బానెట్ ఎత్తి, బెల్టు తీసేయాలి. 1954 నాటికి నాష్ సంస్థ ఏసీ మొత్తాన్ని బానెట్ కిందా డ్యాష్‌బోర్డులోనూ ఇమిడ్చింది. అరవైల, డెబ్బైల కార్లలో మీరు చూసే అమరిక ఆ తరహాదే, అది పనిచేసే అమరికే. తర్వాత డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసిన చిన్న యూనిట్ల సామర్థ్యం మాత్రం తక్కువ. పెద్ద కారుకు అవి చాలవు.

గ్యాస్ తగ్గింది, కాస్త పడితే చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడినుంచో పోయినట్టే. బెల్టుతో తిరిగే కంప్రెసర్‌కు ఇరుసు దగ్గర సీలు ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లలో కొద్దిగా తగ్గడం సహజం. ఒక వేసవిలో నింపింది మరో వేసవికి లేదంటే అది లీకే. గ్యాస్‌తోపాటు ఆయిల్ కూడా పోతుంది. ఆయిల్ లేకుండా గ్యాస్ మాత్రమే పోస్తూ పోతే కంప్రెసర్ లోపలే అరిగి, ఆ లోహపు పొడి కండెన్సర్ (గ్రిల్ వెనుక ఉండి, గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే భాగం) దాకా పాకుతుంది. అప్పుడు చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది.

ఏదీ విప్పకుండా నేను స్వయంగా ఏమేం చూడగలను?

చాలానే చూడవచ్చు. టార్చిలైటు పట్టుకుని గొట్టాల అతుకులన్నీ పరిశీలించండి. గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా కారి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరకలా కనిపిస్తుంది. చుట్టూ పొడిగా ఉండి ఒక్క నట్టు దగ్గరే అలాంటి తడి మచ్చ ఉంటే, సగం పని అయినట్టే. కంప్రెసర్ ముందు భాగంలో, బానెట్ లోపలి పైభాగంలో గుండ్రంగా చిమ్మిన జిడ్డు గీత కనిపిస్తే ఇరుసు సీలు కారుతోందని అర్థం.

తర్వాత ఇంజిన్ నడిపి ఏసీ వేయండి. క్లచ్ పట్టుకున్న చప్పుడు రావాలి, దాని ముందు పలక కప్పీతోపాటు తిరగాలి. బెల్టు జారి కీచుమంటోందా, కండెన్సర్ రెక్కలు మట్టితో మూసుకుపోయాయా అన్నది కూడా చూడండి. మధ్య గాలిద్వారంలో ఒక థర్మామీటరు పెట్టి అంకె రాసుకోండి. పనికి ముందు అంకె లేకపోతే, పని తర్వాత ఎంత మెరుగైందో చెప్పలేరు.

ఇంజిన్ ఆపి గేజీలు పెడితే రెండు వైపులా 95 పీఎస్‌ఐ దగ్గర ఉంది. గ్యాస్ నిండుగా ఉన్నట్టేనా?

కాదు. లోపల ద్రవరూపంలో కొంచెం గ్యాస్ ఉన్నా ఒత్తిడి బయటి ఉష్ణోగ్రతను బట్టే నిలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆర్-134ఎ (తర్వాత వచ్చిన గ్యాస్) సుమారు 97 పీఎస్‌ఐ, ఆర్-12 (పాత కార్లలో మొదట వాడిన గ్యాస్) సుమారు 93 పీఎస్‌ఐ చూపిస్తాయి. పావువంతు ఉన్నా, నిండుగా ఉన్నా అంతే. ఆ అంకెకంటే బాగా తక్కువ ఉంటే మాత్రం దాదాపు ఖాళీ అయినట్టు.

## లీకులు

లీకు ఎక్కడుందో దొరకడం లేదు. ఎలా పట్టుకోవాలి?

మిగిలిన గ్యాస్‌ను యంత్రంతో వెనక్కి తీయించి, పొడి నైట్రోజన్ నింపి, అతుకులకు సబ్బునీరు పట్టించడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. సుమారు 10 బార్ల (145 పీఎస్‌ఐ) ఒత్తిడి చాలు. కూలింగ్ కాయిల్ అంత ఒత్తిడిని రోజూ చూసే భాగం కాదు కాబట్టి హద్దు దాటకండి. నైట్రోజన్ సిలిండర్‌కు రెగ్యులేటర్ లేకుండా ఈ పని తలపెట్టకూడదు. టైర్లకు కొట్టే గాలి వాడితే తేమ లోపలికి వెళుతుంది. ఆక్సిజన్ అయితే ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ఈ విషయంలో ఎవరెంత ధీమాగా చెప్పినా వినకండి.

రాత్రంతా ఒత్తిడి నిలిచిందో లేదో చూడండి. సన్నటి లీకు దగ్గర బుడగ ఒక్కసారే రాదు. ఒక్కోసారి సబ్బు నురగ గింజంత తెల్లటి గుత్తిగా పేరుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తొందరపడితే అదే చోటును దాటేస్తారు. కూలింగ్ కాయిల్ లోపల ఉండి కంటికి కనిపించదు. దాని నీరు పోయే గొట్టం దగ్గర ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పెట్టి చూడాలి, అందుకు లోపల గ్యాస్ జాడ ఉండాలి. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు నెమ్మదిగా కారే లీకులకు బాగా ఉపయోగపడుతుంది, ఫలితం కోసం కొన్ని రోజులు బండి నడపాలి.

కారుతున్న అతుకు ఒక్కటే. ఓ-రింగులు అన్నీ మార్చాలా?

మార్చండి. అతుకులను మూసే ఆ రబ్బరు రింగులన్నీ ఒకే వయసువి. హెచ్‌ఎన్‌బీఆర్ రకం రబ్బరువి తీసుకోండి, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తాయి. బిగించే ముందు మినరల్ ఆయిల్ పూయండి. మరలకు టేపు చుట్టకండి. సీలు చేసేది మర కాదు, రింగే. బాగా పాత కార్లలో ఓ-రింగు లేకుండా లోహానికి లోహం ఆనే ఫ్లేర్ అతుకులు ఉంటాయి. వాటి ముఖం మీద గీత పడితే ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది.

హోసులు చూడటానికి బాగానే ఉన్నాయి. అవే ఉంచవచ్చా?

ఆర్-12తోనే కొనసాగితే, పగుళ్లు లేకపోతే ఉంచవచ్చు. ఆర్-134ఎకు మారుతుంటే లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోసులు వేయించండి. దాని అణువులు చిన్నవి కావడంతో పాత రబ్బరు గోడల్లోంచి మెల్లగా పోతాయి. పాత మెటల్ చివరలు కోసి, వాటికే కొత్త హోసు నొక్కించుకుంటే రూపం చెడకుండా పని అవుతుంది.

## గ్యాస్, ఆయిల్, భాగాలు

పాత ఆర్-12తోనే ఉండనా, ఆర్-134ఎకు మారనా?

ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్-12ను ఆపారు. అభివృద్ధి చెందిన దేశాల్లో దాని ఉత్పత్తి 1995 చివరికి ఆగిపోయింది. తొంభైల మొదట్లోనే కార్ల కంపెనీలు ఆర్-134ఎకు మారాయి.

లీకులు లేకుండా, కంప్రెసర్ ఆరోగ్యంగా ఉండి, చట్టబద్ధంగా శుద్ధమైన ఆర్-12 దొరుకుతుంటే దాన్నే ఉంచమని నా సలహా. ఆ కారు కాయిల్‌లు దాని కోసమే గీసినవి. దొరకకపోయినా, వ్యవస్థ అంతా ఎలాగూ విప్పాల్సి వచ్చినా ఆర్-134ఎకు నిశ్చింతగా మారండి. మార్పులో అసలు సమస్య కండెన్సర్ దగ్గర వస్తుంది. కండెన్సర్‌లో గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందనుకుంటే ఆర్-12 ఒత్తిడి సుమారు 14.2 బార్లు, ఆర్-134ఎ ఒత్తిడి సుమారు 15.8 బార్లు. వేడి పెరిగే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. చల్లటి రోజున ఎవరికీ తెలియని బలహీనత మండే ఎండలో బయటపడేది ఇందుకే. రెండు గ్యాస్‌లను మాత్రం ఎప్పుడూ కలపకండి.

మండే గ్యాస్ వేస్తే బ్రహ్మాండంగా చల్లబడుతుందట. వేయించుకోవచ్చా?

వద్దు. ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమాలు చల్లబరిచే మాట నిజం. కానీ కూలింగ్ కాయిల్ ఉన్నది మీరు కూర్చునే గదిలో. పాత కాయిల్ ఒకరోజు పగిలితే ఆ గ్యాస్ అంతా లోపలే చేరుతుంది, పక్కనే పాత స్విచ్చుల నిప్పురవ్వలు ఉంటాయి.

ఆర్-134ఎకు మారితే ఏ ఆయిల్ వాడాలి?

ఆర్-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్-134ఎలో కరగదు. కరగని ఆయిల్ కూలింగ్ కాయిల్ అడుగున నిలిచిపోతుంది, తిరిగి కంప్రెసర్‌కు చేరదు. పాత కార్లకు ఎస్టర్ ఆయిల్ మంచి ఎంపిక, ఎక్కడైనా మిగిలిన మినరల్ ఆయిల్‌ను అది సహిస్తుంది. కంప్రెసర్ తయారీదారు ప్యాగ్ అనే మరో రకం కృత్రిమ ఆయిల్ అడిగితే గొట్టాలన్నీ కడిగించాకే పోయండి. ప్యాగ్ గాలిలోని తేమను వేగంగా పీల్చుకుంటుంది, మూత తీసి వదిలిన డబ్బాను మళ్లీ వాడకండి.

కంప్రెసర్ కొత్త రకానిది వేయాలా?

పాతది శబ్దం లేకుండా, సీలు కారకుండా ఉంటే అక్కర్లేదు. 1962 నుంచి జనరల్ మోటార్స్ కార్లలో వచ్చిన ఫ్రిజిడేర్ ఏ6 ఆరు సిలిండర్ల కంప్రెసర్ చాలా బరువుంటుంది, కానీ ఒత్తిడి పుట్టించడంలో ఇప్పటికీ గట్టిది. నిలువుగా ఉండే యార్క్, టెకమ్సే రెండు సిలిండర్లవి కొంచెం అదురుతాయి. అదురు ఇబ్బంది పెడితే అదే బ్రాకెట్‌కు సరిపడే శాండెన్ రకం కంప్రెసర్లు దొరుకుతాయి. అవి తేలిక, ఇంజిన్ మీద భారం తక్కువ. ఒక తేడా గుర్తుంచుకోండి. యార్క్‌కు సొంత ఆయిల్ తొట్టి ఉంటుంది, శాండెన్‌కు గ్యాస్‌తో తిరిగివచ్చే ఆయిలే ఆధారం. కంప్రెసర్ పగిలి పొడి అయి ఉంటే, కొత్తది వేసే ముందు గొట్టాలు కడగకపోతే అదీ అంతే అవుతుంది.

కండెన్సర్ మార్చితే నిజంగా తేడా తెలుస్తుందా?

ఆర్-134ఎకు మారిన కారులో ఒకే ఒక్క భాగం మార్చడానికి వీలుంటే నేను కండెన్సరే మార్చమంటాను. పాతవి గుండ్రటి గొట్టం పాములా తిరిగే రకం. ఇప్పటి ప్యారలల్ ఫ్లో రకంలో చదునైన సన్నటి గొట్టాలు చాలా వరుసలుగా ఉండి, అదే వెడల్పులో ఎక్కువ వేడిని వదులుతాయి. గ్రిల్ వెనుక ఎంత చోటుంటే అంత పెద్దది తీసుకోండి. రేడియేటర్‌కు, కండెన్సర్‌కు మధ్య పక్కల ఖాళీలను ఫోమ్ పట్టీతో మూయండి. మూయకపోతే గాలి సులువైన దారి వెతుక్కుని పక్కనుంచి పోతుంది, ఇంకా ఘోరంగా ఇంజిన్ వేడిగాలి ముందుకు తిరిగివస్తుంది. ఒక నష్టం మాత్రం ఉంది. ప్యారలల్ ఫ్లో కండెన్సర్ లోపల లోహపు పొడి చేరితే కడిగి పోగొట్టలేం, మార్చాల్సిందే.

మా కారులో పీఓఏ వాల్వు ఉంది. గ్యాస్ మారిస్తే దాన్నేం చేయాలి?

అరవైల, డెబ్బైల జనరల్ మోటార్స్ కార్లలో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ గడ్డకట్టకుండా దాని ఒత్తిడిని సుమారు 2 బార్ల దగ్గర నిలిపేది ఈ వాల్వు. ఆ అమరిక ఆర్-12కు చేసినది. ఆర్-134ఎకు అదే చల్లదనం కావాలంటే దాన్ని కాస్త తక్కువ ఒత్తిడికి సరిచేయించాలి. వాల్వు చెడిపోయి ఉంటే, దాని బదులు కాయిల్ దగ్గర థర్మోస్టాట్ స్విచ్ పెట్టి కంప్రెసర్‌ను ఆపుతూ నడిపే అమరికలు ఉన్నాయి.

డ్రయ్యర్ ప్రతిసారీ మార్చాలా?

గ్యాస్‌లోని తేమను పీల్చే డబ్బా ఇది, వ్యవస్థను విప్పిన ప్రతిసారీ మార్చాలి. లోపలి గింజలు తేమను పీల్చి నిండిపోతాయి. కొత్తదాని మూతలు చివరి నిమిషంలోనే తీయండి.

## వ్యాక్యూమ్, గ్యాస్ నింపడం

వ్యాక్యూమ్ పది నిమిషాలు పెడితే సరిపోదా?

సరిపోదు. వ్యాక్యూమ్ చేసేది గాలి తీయడానికే కాదు, లోపలి నీటిని మరిగించి ఆవిరిగా లాగేయడానికి. 25 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే ఒత్తిడి సుమారు 32 మిల్లీబార్లకు పడాలి. అంతకంటే ఎంతో కిందికి, 500 మైక్రాన్ల దాకా (వ్యాక్యూమ్ కొలమానం, ఇది ఒక మిల్లీబారుకంటే తక్కువ), వెళ్లే పంపు వాడాలి. చాలాకాలం తెరిచి ఉన్న వ్యవస్థకు గంట సమయం ఇవ్వండి, చల్లటి రోజైతే ఇంకా ఎక్కువ. తర్వాత వాల్వు మూసి అరగంట చూడండి. సూది కొంచెం పైకి లేచి నిలిచిపోతే తేమ మిగిలి ఉంది, ఆగకుండా లేస్తూ పోతే లీకు ఉంది.

ఆర్-134ఎ ఎంత నింపాలి? కారు మాన్యువల్‌లో ఆర్-12 లెక్కే ఉంది.

ఆ బరువులో 80 నుంచి 90 శాతం మధ్య ఉంటుంది. కిందనుంచి మొదలుపెట్టి, తూకంమీద కొద్దికొద్దిగా నింపుతూ, గాలిద్వారంలో ఉష్ణోగ్రత తగ్గడం ఆగగానే ఆపండి. డ్రయ్యర్ మీది గాజు కిటికీలో బుడగలు పోయేదాకా నింపే పాత అలవాటు ఆర్-12కు చెల్లుతుంది. ఆర్-134ఎ సరైన బరువు దగ్గర కూడా కొన్ని బుడగలు చూపిస్తుంది, అవి పోయేదాకా పోస్తే ఎక్కువైపోతుంది. ఎక్కువైన గ్యాస్ కూడా చల్లదనాన్ని తగ్గిస్తుంది. కండెన్సర్‌లో ద్రవం నిలిచి, వేడి వదిలే చోటును ఆక్రమిస్తుంది. కండెన్సర్ మార్చి ఉంటే ఈ లెక్క కొంత అటూఇటూ అవుతుంది.

నడుస్తున్నప్పుడు గేజీలు ఎంత చూపించాలి?

ఆర్-134ఎ, బయట 30-35 డిగ్రీలు, ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు, కండెన్సర్ ముందు ఫ్యాను: ఈ స్థితిలో తక్కువ ఒత్తిడి వైపు (కూలింగ్ కాయిల్‌నుంచి కంప్రెసర్‌కు గ్యాస్ వచ్చే దారి) రెండు బార్ల చుట్టుపక్కల, ఎక్కువ ఒత్తిడి వైపు (కంప్రెసర్‌నుంచి కండెన్సర్‌కు వెళ్లే దారి) 12 నుంచి 17 బార్ల మధ్య ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ కావచ్చు, గాలి కలిసి ఉండవచ్చు, కండెన్సర్‌కు గాలి అందకపోవచ్చు. తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ లోపలి వాల్వులు అరిగాయి. తక్కువ వైపు సున్నాకు పడిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వు (కూలింగ్ కాయిల్‌లోకి ద్రవ గ్యాస్‌ను కొలిచి వదిలేది) మూసుకుపోయింది.

## అన్నీ సరిగ్గానే ఉన్నాయి, చల్లదనం చాలడం లేదు

రోడ్డు మీద వెళుతుంటే చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి వస్తోంది. ఎందుకు?

కండెన్సర్ మీదుగా గాలి చాలడం లేదు. ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బండి నిలబెట్టి ఏసీ నడుపుతూ, గ్రిల్ ముందునుంచి కండెన్సర్ మీద నీటి తుంపర్లు చల్లండి. సిస్టమ్‌లో మిగతా అంతా సరిగ్గా ఉంటే, కొన్ని సెకన్లలోనే ఎక్కువ వైపు సూది దిగడం మొదలవుతుంది. కాసేపటికి లోపల గాలి చల్లబడుతుంది. అలా జరిగితే గ్యాస్ జోలికి వెళ్లకండి, దోషం గాలిది.

మొదట ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు చూడండి. చాలా కార్లలో ఏదో రిపేరులో తీసి మళ్లీ పెట్టరు. అది లేని ఫ్యాను రేడియేటర్ గుండా లాగాల్సిన గాలిని పక్కలనుంచి లాగుతుంది. ఫ్యాను రెక్కలు సగం తొడుగు లోపల, సగం బయట ఉండాలి. క్లచ్ ఉన్న ఫ్యాను అయితే, వేడి ఇంజిన్ ఆపిన వెంటనే చేత్తో తిప్పితే బిగువుగా ఉండాలి, గిర్రున తిరిగితే క్లచ్ పోయింది. ఇవన్నీ సరిచేశాకే కండెన్సర్ ముందు అదనపు ఎలక్ట్రిక్ ఫ్యాను గురించి ఆలోచించండి.

గేజీలు సరిగ్గా ఉన్నాయి, గొట్టం చేతికి చల్లగా తగులుతోంది, లోపలికి వచ్చే గాలి మాత్రం చల్లగా లేదు.

హీటర్‌ను అనుమానించండి. పాత హీటర్ వాల్వు పూర్తిగా మూసుకోదు, సన్నటి ధారగా వేడినీరు హీటర్ కాయిల్‌లోకి పోతూనే ఉంటుంది. చల్లబడిన గాలి దాని పక్కనుంచి వస్తూ మళ్లీ వేడెక్కుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హీటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని క్లాంపుతో నొక్కి మూసి, బండి నడిపి చూడండి. గాలి ఉష్ణోగ్రత పడిపోతే ఒక చిన్న వాల్వుతో పని ముగుస్తుంది. అది కాకపోతే, డ్యాష్‌బోర్డు లోపలి గాలి తలుపుల ఫోమ్ రాలిపోయి బయటి వేడిగాలి కలుస్తూ ఉండవచ్చు. వ్యాక్యూమ్‌తో కదిలే తలుపులైతే సన్నటి రబ్బరు గొట్టాలు పగిలి ఉంటాయి.

అరగంట బాగా చల్లగా ఉండి, తర్వాత గాలి రావడమే తగ్గిపోతోంది.

కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలికి దారి మూసేస్తోంది. ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రమే నడిపితే పది పదిహేను నిమిషాల్లో కారు కింద నీరు ధారగా కారి, మళ్లీ గాలి వస్తే అదే కారణం. థర్మోస్టాట్ స్విచ్‌కు ఉండే సన్నటి రాగి తీగ లాంటి గొట్టం కాయిల్ రెక్కల మధ్యనుంచి బయటికి జారి ఉంటుంది, లోపలికి దోపండి. గాలి జోరు తగ్గకుండా చల్లదనం మాత్రమే పోయి, కాసేపటికి తిరిగి వస్తుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వులో తేమ గడ్డకడుతోంది. అప్పుడు కొత్త డ్రయ్యర్, మరోసారి పూర్తి వ్యాక్యూమ్ తప్పవు.

ఏసీ వేస్తే ఇంజిన్ వేడెక్కుతోంది, ఖాళీగా నిలబెడితే ఆగిపోతోంది.

కండెన్సర్ వదిలిన వేడి గాలినే రేడియేటర్ పీల్చుకోవాలి. ఇన్నాళ్లూ అరకొరగా నెట్టుకొచ్చిన రేడియేటర్ ఇక మోయలేదు. లోపల పూడిక ఉంటే తీయించండి, థర్మోస్టాట్, మూత పరీక్షించండి. ఇంజిన్ ఆగిపోవడానికి మందు వేరే ఉంది. క్లచ్ పట్టగానే కార్బ్యురేటర్ త్రోటిల్‌ను కొద్దిగా తెరిచే సోలినాయిడ్ అమర్చాలి. చాలా ఫ్యాక్టరీ ఏసీ కార్లలో అది ఉండేది, పనిచేయక ఎవరో తీసేసి ఉంటారు.

బ్లోయర్ నీరసంగా తిరుగుతోంది. మోటారు మార్చాలా?

ముందు మోటారు దగ్గర ఓల్టేజీ కొలవండి. పాత స్విచ్చులు, సన్నటి వైర్లు దారిలోనే ఒకటి రెండు ఓల్టులు మింగేస్తాయి. బ్యాటరీనుంచి ఫ్యూజుతో నేరుగా ఒక రిలే పెడితే అదే మోటారు కొత్తదానిలా తిరుగుతుంది. కంప్రెసర్ క్లచ్‌కూ ఇది వర్తిస్తుంది, ఓల్టేజీ తగ్గితే అది జారి కాలిపోతుంది.

ఎంత చల్లగా వస్తే తృప్తి పడాలి?

లోపలి గాలినే తిప్పే స్థానంలో, కదులుతున్న కారులో, మధ్య గాలిద్వారం దగ్గర 5 నుంచి 9 డిగ్రీలు వస్తే అద్భుతం. తేమ ఎక్కువున్న రోజున ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఏసీ శక్తిలో చాలా భాగం ఆ తేమను నీరుగా మార్చడానికే పోతుంది. అంత చల్లటి గాలి వస్తున్నా కారు చల్లబడకపోతే లోపలికి వచ్చే వేడిని ఆపండి. పైకప్పు కింద, నేల కార్పెట్ కింద, ఫైర్‌వాల్‌కు ఇన్సులేషన్ పరచడం, వైర్లు దూరే రంధ్రాలకు రబ్బరు పెట్టడం, తలుపు రబ్బర్లు మార్చడం. బయటికి ఏమీ కనిపించని పనులివి, కారు అసలు రూపం ఏమాత్రం చెడదు.

## వాడకంలో

కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. ఏసీకి ఏమైనా అవుతుందా?

కంప్రెసర్ సీలు ఎండిపోతుంది. రెండు మూడు వారాలకోసారి పది నిమిషాలు ఏసీ నడిపితే ఆయిల్ సీలుకు అందుతుంది.

ముందు సీటు కింద కార్పెట్ తడుస్తోంది, వాసన కూడా వస్తోంది.

కాయిల్ పెట్టె అడుగున నీరు పోయే గొట్టం ఆకులతో, మట్టితో పూడిపోయింది. కారు కిందనుంచి మెత్తటి వైరుతో శుభ్రం చేయండి. దిగడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రమే నడిపితే కాయిల్ ఆరి వాసన తగ్గుతుంది.

ఇందులో ఏ పనులు నేనే చేసుకోవచ్చు, ఏవి నిపుణులకు వదలాలి?

గాలిదారి, ఫ్యాను, హీటర్ వాల్వు, వైరింగు, ఇన్సులేషన్ అన్నీ ఓపికున్నవారు చేసుకోగల పనులు. లోపల గ్యాస్ ఉండగా ఏ నట్టూ వదులు చేయకండి. ద్రవ గ్యాస్ తగిలితే చర్మం గడ్డకడుతుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలడం చాలా దేశాల్లో నేరం, దాన్ని యంత్రంతో వెనక్కి తీయించాలి. ఆర్-12 ఉన్న చోట మంట వెలిగించకూడదు, మంటలో అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలదు. వెల్డింగు పని ఉంటే గ్యాస్ పూర్తిగా తీయించి, షెడ్డు తలుపులు తెరిచాకే మొదలుపెట్టండి.